పదకొండు గుడ్లు, ఒక గొడుగు

ఆ రోజుల్లో గౌరవం కోసం ఎవరికి చేతనైంది వాళ్ళు చేసేవారు. కొందరు పొలాలు కొన్నారు, కొందరు పంచాయతీకి నిలబడ్డారు. నేను గుడ్లు దాచాను.

నాకప్పుడు కొత్తగా మాస్టారి ఉద్యోగం వచ్చింది. బళ్ళో పిల్లలు, వాళ్ళ తల్లిదండ్రులు కూడా ‘మాస్టారండీ’ అనేవారు. యానాం దగ్గర ఉండే మా బావ, అంటే మా అక్క భర్త, మాత్రం ఎంతమందిలో ఉన్నా ‘ఒరే బామ్మర్దీ!’ అనే పిలిచేవాడు. (ఆయన పిలిస్తే కాలవ అవతల గట్టు మీది గేదెలు కూడా తలలెత్తేవి.) ఒక వేసవి సెలవుల్లో, పిఠాపురం వైపున్న మా ఊళ్ళో, అమ్మ పెంచే పెట్ట పొదుగుకు కూర్చుంది. ఇంట్లో పుంజును ముంగిస చంపేసింది. పుంజు లేని గుడ్డు కూరకే గాని పిల్లకు పనికిరాదు. మా బావ దొడ్లో మేలుజాతి కోళ్ళున్నాయి. పెట్ట లేచిపోకుండా దాని కింద ఒక తెల్లటి గుండ్రాయి పెట్టి, “గుడ్లు పట్రా” అని అమ్మ నన్ను పంపింది.

నేను వెళ్ళగానే బావ నవ్వాడు. “ఎండాకాలం గుడ్డు పిల్లవ్వదురా, ఉడుకుద్ది!” నాకు పౌరుషం వచ్చింది. “సగానికి పైగా పిల్లలైతే?” అన్నాను. “అయితే జన్మలో నిన్ను ఒరే అనను. అండీ అంటాను. నలుగురిలోనూ!” అన్నాడు. అక్క సాక్షి.

ఇక వారం రోజులు నేను ఆ దొడ్లోనే ఉన్నాను. పెట్ట దిగిన వెంటనే గుడ్డు తీసి, పొడి బట్టతో తుడిచి (కడిగితే చెడుతుంది), పెట్టిన తారీకు పెన్సిల్‌తో వేసేవాణ్ణి. చిట్లినవీ, మరీ చిన్నవీ అక్క వంటింటికి ఇచ్చేసేవాణ్ణి. మిగిలినవి మంచినీళ్ళ కుండ పక్కన, తడి ఇసుక మీద పెట్టిన ఊక బుట్టలో, మొన కిందికి ఉండేలా గుచ్చి, పూటకోసారి పక్కకు వాల్చి ఉంచేవాణ్ణి. “గుడ్లని ఊటీ పంపించావేంట్రా?” అని బావ రోజూ పలకరించేవాడు. బేసి లెక్క ఉండాలని అమ్మ చెప్పింది కనుక పదకొండు కాగానే బస్సెక్కాను.

బుట్ట ఒళ్ళో ఉంది. గుంత వచ్చినప్పుడల్లా నేను సీట్లోంచి లేచి, కుదుపు నా కాళ్ళతో భరించేవాణ్ణి. అదే కొంప ముంచింది. యానాంలో మందు చవక కనుక, అక్కణ్ణుంచి వచ్చే బస్సుల్ని పోలీసులు దారిలో ఆపి సీసాలు వెతికేవారు. బుట్ట పట్టుకుని సీట్లోంచి లేచి ఉన్న నన్ను కిటికీలోంచి చూసి, కానిస్టేబుల్ లోపలికి రాకుండానే నా వైపు బెత్తం ఊపాడు.

“మీరు దిగండి. ఏంటండీ ఆ బుట్టలో?”

“గుడ్లండి.”

“గుడ్లని చంటిపిల్లాడిలా పట్టుకున్నారేంటండీ?”

“పొదిగించేవండి. కదిలితే చెడతాయండి. దయచేసి బెత్తం పెట్టకండి!”

నా కంగారు చూసి ఆయన అనుమానం రెట్టింపయింది. బస్సు డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టి వెళ్ళిపోయాడు. చివరికి నేనే ఒక్కొక్క గుడ్డు తీసి, తిప్పి చూపించి, మళ్ళీ మొన కిందికి గుచ్చాను. ఆయన ఒకటి దగ్గరగా చూశాడు. “ఈ తారీకు ఏంటండీ?”

“కోడి పెట్టిన రోజండి.”

ఆయన బెత్తం చంకలో పెట్టుకుని పక్కవాడితో అన్నాడు: “కోడి గుడ్డెట్టిన రోజు రాసుకునే మనిషి మందేం తాగుతాడయ్యా? పంపించేయ్!”

తర్వాతి బస్సు మా ఊరి అడ్డరోడ్డు దాకానే వచ్చింది. అక్కణ్ణుంచి నడక, మిట్టమధ్యాహ్నం. ఉన్న ఒక్క గొడుగూ బుట్టకు పట్టాను. గుమ్మంలో అమ్మ, “నువ్వు మాడిపోయి గుడ్లకి గొడుగు పట్టావేంట్రా నాయనా!” అని, ముందు బుట్టే అందుకుంది. ప్రయాణం బడలిక తీరేదాకా గుడ్లను చల్లటి మూల ఉంచి, చీకటి పడ్డాక రాయి తీసేసి పెట్ట కింద సర్దింది.

మూడు వారాల తర్వాత మా దొడ్లో పది పిల్లలు తిరిగాయి. కబురందుకుని బావ స్వయంగా వచ్చాడు. రెండుసార్లు లెక్కపెట్టాడు. గంప ఎత్తి, మిగిలిన ఒక్క గుడ్డునీ చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశాడు. తర్వాత భుజం మీది కండువా తీసి, మా వీధి వీధంతా వినపడేలా అన్నాడు: “బామ్మర్ది గారండీ! తమరు గొప్పోరండి!” ఆ వేళ నా డైరీలో ఇంకేమీ రాయలేదు, ఆ మాట తప్ప.

మాట మీద నిలబడ్డ మనిషి. పెళ్ళిళ్ళలో, ఆసుపత్రిలో, చేపల బజార్లో, ఇన్నేళ్ళూ ‘అండీ’నే. కొత్తవాళ్ళు నేనే పెద్దవాణ్ణనుకుంటారు. మొన్న ఫోన్‌లో “భోంచేశారాండి?” అంటే నాకెందుకో ఆ పాత పిలుపు వినాలనిపించింది. “బావా, ఒక్కసారి ఒరే అను” అన్నాను.

అవతల కాసేపు దగ్గు, తర్వాత నవ్వు. “ఊరికే అనకూడదండి. మళ్ళీ గుడ్లు దాచండి, ఓడిపోండి, అప్పుడు చూద్దారండి.”

ఊక తెప్పించాను. పెన్సిల్ చెక్కుకున్నాను. ఓడిపోవడం ఎలాగో మాత్రం, ఈ వయసులో, ఎంత ఆలోచించినా తట్టడం లేదు.