వియ్యంకుడు కూర్చోలేదు

న్యూజిలాండ్‌లోని పాపకూరలో గిరిజ డెయిరీకి పాల కోసం వచ్చేవాళ్ళకంటే కబుర్ల కోసం వచ్చేవాళ్ళే ఎక్కువ. డెయిరీ అంటే అక్కడ వీధి మలుపులో ఉండే చిన్న చిల్లర కొట్టు, దాని వెనకే ఇల్లు. కౌంటరు వెనక స్టూలు ఒకటి ఉంది గానీ, దాని మీద ఎప్పుడూ బ్రెడ్డు ట్రేలే ఉంటాయి. గిరిజ నిలబడే ఉంటుంది. కొందరికి కూర్చోవడం చేతకాదు, ఏం చేస్తాం.

ఆ అలవాటు గుడివాడలో పడింది. భర్త మహేంద్ర, వేరే కులం పిల్లైన ఆమెని రిజిస్టరు పెళ్ళి చేసుకుని తీసుకొస్తే, మామగారు ఇంట్లోకి రానిచ్చారు, అంతే. కొత్త కోడలు వండిన మొదటి పూట, వడ్డించిన కంచం ముందు దాకా వచ్చి, కూర్చోకుండానే "నాకు ఆకలి లేదు" అని వెళ్ళిపోయారు. బతికినన్నాళ్ళూ ఆమె చేతి అన్నం తినలేదు. గిరిజ అందరూ తిన్నాక వంటింట్లో ఓ మూల నిలబడి ఇంత నోట్లో వేసుకునేది.

న్యూజిలాండ్ వచ్చాక కివీపళ్ళ ప్యాకింగ్ షెడ్డులో నిలబడింది. ఆ తరువాత సొంత కొట్టులో నిలబడింది. మహేంద్ర హఠాత్తుగా పోయినప్పుడు కూడా, వచ్చినవాళ్ళకి కాఫీలు కలుపుతూ నిలబడే ఉంది. ఏడవడానికైనా కూర్చోవాలి కదా అని పక్కింటి సరోజ తిట్టిపోసింది. మాటకి పదునెక్కువే గానీ, సరోజ అన్నది నిజం.

ఒక్కతే కూతురు ప్రణీత, పామర్‌స్టన్ నార్త్‌లో ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగం చేస్తోంది. అక్కడే ఎడ్మండ్ అనే పశువుల డాక్టరుని ఇష్టపడింది. మోకాళ్ళ దాకా బురదతో పాత బండిలో తిరిగే ఆ కుర్రాడు గిరిజకి చూడగానే నచ్చాడు. వాళ్ళ నాన్న ఇంగ్లండులో ఎర్ల్ అనీ, అంటే తరతరాల జమీందారు లాంటివాడనీ తరువాత తెలిసింది. ఇల్లు, పొలాలు, బిరుదు అన్నీ పెద్దకొడుక్కే వెళ్తాయట. రెండోవాడికి గుర్రాల మీద ప్రేమ ఒక్కటే మిగిలింది, దాన్ని మూటగట్టుకుని ఇంత దూరం వచ్చాడు. తల్లి లేదు. తండ్రి జీవితమంతా రాజప్రాసాదంలో కొలువు చేశాడు. రాజకుటుంబం వెంట ఊళ్ళు తిరగడం, గొడుగు పట్టడం, విందుల్లో కుర్చీల వెనక నిలబడటం ఆయన పని. అంత గొప్పింటివాడు చేసేది ఇదా అని సరోజ ముక్కు మీద వేలేసుకుంది.

నిశ్చితార్థానికి ఆ వైపు నుంచి ఎవరూ రాలేదు. ఎడ్మండ్ అన్న పూలగుత్తి పంపి ఊరుకున్నాడు. ఇప్పుడు పెళ్ళికి ముందు పెద్దాయన ఒక్కడే వస్తున్నాడు, ఆదివారం మధ్యాహ్నం భోజనానికి. ఆ కబురు విన్నప్పట్నుంచీ గిరిజకి నిద్ర లేదు. తన చేతి అన్నం తినని ఇంట్లో తను ఎలా బతికిందో తనకి తెలుసు. ఆ బతుకు ప్రణీతకి రాకూడదు. ఆయన వచ్చి కూర్చుని నాలుగు ముద్దలు తింటే చాలు.

ఆదివారం కొట్టు సరోజకి అప్పగించి ముద్దపప్పు, కారం తగ్గించిన వంకాయ కూర, పులిహోర చేసింది. పిల్లలిద్దరూ దారిలో ట్రాఫిక్‌లో చిక్కుకుని, మీరు మొదలుపెట్టెయ్యండని ఫోన్ చేశారు. పెద్దాయన టాక్సీలో దిగాడు. పొడుగు మనిషి, కాస్త నడుం వంగినవాడు. గుమ్మంలో బూట్లు విప్పితే, మడమ దగ్గర మాసిక వేసిన మేజోళ్ళు కనిపించాయి. అది చూసి గిరిజ ప్రాణం కొంచెం కుదుటపడింది.

అన్నీ వడ్డించి కూర్చోమంది. ఆయన థాంక్యూ అని, కుర్చీ వీపు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. మళ్ళీ చెప్పింది. తల వంచి నవ్వాడు గానీ కూర్చోలేదు. నేతి గిన్నె పట్టుకుని ఆమె అటు, కుర్చీ పట్టుకుని ఆయన ఇటు. అన్నం చల్లారిపోతోంది. గుడివాడలో ఖాళీగా మిగిలిపోయిన ఆ చోటు గిరిజ కళ్ళ ముందు కదిలింది. వంటింట్లోకి పోయి కూతురికి ఫోన్ చేసింది.

"మీ మావగారు కూర్చోట్లేదే. మన ఇంట్లో తినరనుకుంటా."

ప్రణీత ఎడ్మండ్‌ని ఏదో అడిగింది. అతను ఏదో చెప్పాడు.

"అమ్మా, నువ్వు కూర్చున్నావా?"

"నేనెందుకు కూర్చుంటానే, వడ్డించొద్దూ?"

"నువ్వు కూర్చునేదాకా ఆయన కూర్చోరమ్మా. లేడీ ఆఫ్ ద హౌస్ నించుంటే వాళ్ళు కూర్చోరంట. నీకోసం వెయిట్ చేస్తున్నారు."

గిరిజ తలుపు పక్క నుంచి తొంగి చూసింది. ఆయన అక్కడే ఉన్నాడు. ముసలి మోకాలు సన్నగా వణుకుతోంది. ఆమె నిలబడి తింటుంటే చూసినవాళ్ళున్నారు, చూడనట్టు పోయినవాళ్ళున్నారు. ఆమె కూర్చోవాలని నిలబడ్డవాళ్ళు మాత్రం ఇంతవరకూ ఒక్కరూ లేరు. కళ్ళు తుడుచుకుని, ఇంకో కంచం తెచ్చుకుని, ఎదురుగా కూర్చుంది. ఆయన కూడా కూర్చున్నాడు, హమ్మయ్య అన్నట్టుగా.

పప్పన్నం తిన్నాడు. పులిహోర మారు అడిగి వేయించుకున్నాడు. మధ్యలో చెంచా ఆపి, మెల్లిగా ఇంగ్లీషులో చెప్పాడు. "నేను ఇన్నేళ్ళూ ఎవరెవరి కుర్చీల వెనకో నిలబడ్డాను. మా ఇంట్లో మా ఆవిడ ఒక్కతే కూర్చుని తినేది. ఆవిడ పోయిన రోజు కూడా నేను ఏదో విందులో ఉన్నాను." గిరిజకి ఆయన మీద జాలి పొంగుకొచ్చింది. ఇలాంటప్పుడు మనవాళ్ళు చేసేదేముంది, ఇంకాస్త నెయ్యి వేద్దామని లేచింది.

ఆయనా లేచాడు.

ఆమె కూర్చుంది. ఆయనా కూర్చున్నాడు. పెరుగు కోసం లేచింది. మళ్ళీ లేచాడు, ఈసారి బల్ల పట్టుకుని, ఆయాసపడుతూ. గిరిజకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. వియ్యంకుణ్ణి పిలిచే పిలుపుకి ఇంగ్లీషులో సాటి మాట తోచక తెలుగులోనే అంది.

"అన్నయ్యగారూ, కూర్చోండి. నేనింక లేవను."