నా పేరు మీద శామ్యూల్ రక్తం

శ్రీలంకలో ఐదో రోజు ఉదయం నా బూట్లు నాకు పట్టలేదు. ముందు రోజు దాకా పట్టిన బూట్లే. తడిసి ముడుచుకుపోయాయన్నాను. రాత్రి వాన పడలేదని నాతో సైకిలు మీద వచ్చిన శామ్యూల్ గుర్తు చేశాడు. అయితే గాలిలో తేమ ఎక్కువన్నాను. ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పేవాణ్ణి, ఏదో ఒక కారణం చెప్పడం నాకు కష్టం కాదు. అతను అటు తిరిగాక మేజోడు కిందికి లాగి చీలమండ మీద వేలితో నొక్కాను. గుంట పడింది. వేలు తీశాక కూడా అలాగే ఉంది. కాసేపు దాన్ని చూసి మేజోడు మళ్లీ పైకి లాగేశాను.

ఆ గుంటకు అర్థం నాకు తెలుసు. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. సముద్రం పక్కన కొబ్బరి తోటలు, జీడి తోటలు, చూడ్డానికి చాలా ఆరోగ్యంగా ఉంటుంది. అక్కడ కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఎవరూ గట్టిగా తేల్చలేదు. నీళ్లన్నారు, నేలన్నారు, ఎండలో పని అన్నారు. ఈ చర్చ నడుస్తుండగానే మా నాన్న పోయారు. మా ఊళ్లో క్రియాటినిన్ అనే మాట పలకలేని ముసలమ్మ లేదు. రక్తంలో అది ఒకటిన్నర దాటితే కిడ్నీలు దెబ్బతింటున్నట్టు. పెళ్లి సంబంధాలకు జాతకం కంటే ముందు అదే అడుగుతారు. ముప్పై మూడేళ్లొచ్చినా నాకు పెళ్లి కాకపోవడానికి అది సగం కారణం. మిగతా సగం నా నోరని మా అమ్మ అంటుంది.

ఇంత తెలిసినవాడు పరీక్ష చేయించుకుని ఉండాలి. లేదు. మా ఊరి లెక్క వేరు. బాగా తిరుగుతున్న మనిషి పరీక్షకు వెళ్లాడు, రోగంతో తిరిగొచ్చాడు. కాబట్టి రోగం పరీక్షలోనే ఉంది. "ఎతికితే దొరుకుతాది" అంటారు. ఎమ్మెస్సీ చదివి కూడా నేను ఆ లెక్కే నమ్మాను. ఉద్యోగమొచ్చి విజయనగరం చేరాక మా ఊరి నీళ్లు మానేశాను గనక తప్పించుకున్నానని నాకు నేనే సర్టిఫికెట్ ఇచ్చుకున్నాను.

అసలు సర్టిఫికెట్ అవసరం సైకిళ్ల వల్ల వచ్చింది. శామ్యూల్ మా కాలేజీ యాజమాన్యమే నడిపే హైస్కూల్లో పీఈటీ. శ్రీకాకుళంలో బాప్టిస్టు చర్చి కుటుంబం వాళ్లది. మాకు ఏ చుట్టరికమూ లేకపోయినా చేరిన మొదటి నెల నుంచి ఒకరినొకరు బావా అని పిలుచుకుంటున్నాం. ప్రతి ఆదివారం ప్రార్థన అయ్యాక అతనూ, టిఫిన్ అయ్యాక నేనూ రామతీర్థం దాకా తొక్కి వచ్చేవాళ్లం. ఆ సరదా పెరిగి శ్రీలంక దాకా వెళ్లింది. విశాఖలో ఒక సైకిల్ బృందం రెండు టూరింగ్ సైకిళ్లు అరువిస్తామంది. షరతు ఒకటే, ఇద్దరికీ డాక్టరు సంతకంతో ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఉండాలి.

డాక్టరు గారు శామ్యూల్ ఛాతీ చూసి, పీఈటీకి రక్త పరీక్ష ఎందుకని సంతకం పెట్టేశారు. నా కాగితంలో ఊరి పేరు చూసి మాత్రం కలం ఆపారు. "మీరు క్రియాటినిన్‌తో సహా బ్లడ్ టెస్ట్ చేయించుకుని రండి."

మర్నాడు పరగడుపున ల్యాబ్ మెట్ల మీద కూర్చుండిపోయాను. అరగంట చూసి శామ్యూల్ అడిగాడు.

"సూదంటే భయమేటి బావా నీకు?"

"సూదంటే కాదు. కాగితమంటే."

నా బదులు నీ రక్తం ఇమ్మని నేను నోరు తెరిచి అడగలేదని ఇక్కడ రాసుకోవాలని ఉంది. కానీ అడిగాను. అతను కూడా అప్పటికి ఏమీ తినలేదని కనుక్కుని మరీ అడిగాను.

"సెంచాడు రక్తమే గదా. నాకు శానా ఉన్నాది," అని లేచి లోపలికి వెళ్లాడు. ల్యాబ్ అమ్మాయి పేరడిగితే "దుర్యోధనరావు" అని నా పేరు చెప్పాడు. మా వైపు ఆ పేరు మామూలే. సండే స్కూల్లో పాఠాలు చెప్పే మనిషి నోట అబద్ధం అంత నున్నగా రావడం నేను వినడం అదే మొదలు.

క్రియాటినిన్ 0.9 వచ్చింది. మా ఊరివాళ్లం రిపోర్టులో ఒక్క లైనే చదువుతాం. నేనూ చదివాను. డాక్టరు గారూ అదే లైను చూసి సంతకం పెట్టారు. వింత ఏమిటంటే, నాది కాని ఆ అంకె చూసి నాకు నిజంగానే ధైర్యం వచ్చింది.

ఎనిమిది నెలల తర్వాత, జనవరి సెలవుల్లో బయల్దేరాం. సముద్రపు ఒడ్డున మొదలుపెట్టి ఉత్తరానికి తొక్కాలని ప్లాను. మొదటి నాలుగు రోజులు నా జీవితంలో బాగున్న రోజులనే చెప్పాలి. దారి పక్కన కాషాయం రంగు కొబ్బరి బొండాలు అమ్ముతారు. ఆగిన చోటల్లా రెండేసి తాగాను. కాళ్లు పీకితే పెయిన్ కిల్లర్ వేసుకున్నాను. రోజుకు రెండు, తర్వాత మూడు. కొబ్బరి నీళ్లలోని పొటాషియాన్ని పాడైన కిడ్నీలు బయటికి పంపలేవు, పెయిన్ కిల్లర్లు వాటిని ఇంకా పాడు చేస్తాయి. అలాంటి కిడ్నీలకు ఈ రెండింటికంటే చెడ్డవి వెతకాలంటే కొంచెం శ్రమపడాలి. నేను శ్రమ లేకుండానే రెండూ సంపాదించాను.

ఆరో రోజు అన్నం ఇనుములా రుచించింది. ఏడో రోజు వాంతులు, చిన్న మెట్ట ఎక్కినా ఆయాసం. అనూరాధపురం ఇంకా కొంత దూరం ఉందనగా ఒక ఊళ్లో సైకిలు దిగి గోడకు చేరగిలబడ్డాను. ఎదురుగా చిన్న షెడ్డు. జనం నీలం డబ్బాలతో వరసలో నిలబడి ఉన్నారు. అది నీళ్లు శుద్ధి చేసే ఆర్వో ప్లాంటు. చుట్టూ పచ్చటి పొలాలు. వరసలో ఒకాయన ముఖం ఉబ్బి ఉంది, మెడలో డయాలిసిస్ గొట్టం మీద ప్లాస్టరు.

శామ్యూల్ ఆ వరసను చూశాడు, నా ముఖం చూశాడు. "మీ ఊరొచ్చీసినాం బావా," అన్నాడు. నవ్వలేదు.

వాళ్లకూ అదే జబ్బు, కారణం వాళ్లకూ తెలీదు. సముద్రం దాటి సైకిలు తొక్కుకుంటూ నేను మా ఊరికే వెళ్లాను.

అనూరాధపురంలో పెద్దాసుపత్రి డాక్టరు ఇంగ్లీషులో ఊరడిగాడు. ఇండియా, శ్రీకాకుళం అన్నాను.

"ఉద్దానమా?" అన్నాడు.

పరాయి దేశంలో ఊరి పేరు వినిపిస్తే సంతోషించాలి. నేను రక్తం తీసుకోమని చెయ్యి చాపాను.

క్రియాటినిన్ 11.2. పొటాషియం 6.8, గుండె ఆగిపోయేంత. మెడ దగ్గర కాథెటర్ గొట్టం పెట్టి వెంటనే డయాలిసిస్ చేయాలన్నాడు. రేపు చేస్తే కుదరదా అని అడిగాను. "రేపు అడగడానికి మీరు ఉండకపోవచ్చు," అన్నాడు, చాలా మర్యాదగా. ఆ తర్వాత పాత రిపోర్టులు ఏమైనా ఉన్నాయా అన్నాడు. నేను గోడ మీది క్యాలెండరు చూస్తున్నాను.

"ఎనిమిది నెలల కింద 0.9 అని ఉంది సార్," అన్నాడు శామ్యూల్. "అది నా రక్తం."

డాక్టరు కలం కింద పెట్టాడు. తిట్టలేదు. స్కానింగ్ చూపించాడు. రెండు కిడ్నీలూ ముడుచుకుపోయి ఉన్నాయి, ఇది ఏళ్ల తరబడి జరిగిన పని అన్నాడు. శామ్యూల్ ఒక్కటే అడిగాడు, అప్పుడే తెలిసి ఉంటే ఏమయ్యేదని. అబద్ధం చెప్పినా ఎవరికీ నష్టం లేని చోట ఆ డాక్టరు నిజం చెప్పాడు. "నయం కాదు. కానీ మందులతో, జాగ్రత్తతో కొన్నేళ్లు దక్కేవి."

శామ్యూల్ బయటికి వెళ్లాడు. నన్ను డయాలిసిస్‌కు తోసుకెళ్తున్నప్పుడు వరండా కిటికీలోంచి కనిపించాడు. కుళాయి దగ్గర రెండు సైకిళ్లూ కడుగుతున్నాడు. అవి అంత మురికిగా ఏమీ లేవు.

మూడు డయాలిసిస్‌లు అయ్యాక విమానం ఎక్కనిచ్చారు. విశాఖలో చేతికి ఫిస్టులా ఆపరేషన్ చేశారు. రక్తనాళాన్ని సూదులకు తగ్గట్టు పెద్దది చేసే ఆపరేషన్ అది. పనిచేయలేదు. మెడ కాథెటర్‌కు ఇన్ఫెక్షన్ వచ్చి, మంచం కదిలేంత చలి జ్వరంతో పదకొండు రోజులు ఆసుపత్రిలోనే ఉన్నాను. రెండో ఫిస్టులా నిలిచింది. కిడ్నీ ఇస్తానని మా అమ్మ ముందుకొచ్చింది. ఆవిడకు పరీక్షలు చేస్తే క్రియాటినిన్ 2.4. "సెప్పినాను గదరా, ఎతికితే దొరుకుతాదని," అంది.

అప్పుడు శామ్యూల్ నేనిస్తానన్నాడు. బ్లడ్ గ్రూపు కలిసింది. బంధువు కాని దాతకు కమిటీ అనుమతి కావాలి, కాగితాలు బోలెడు. వాటి కోసం అతనే తిరుగుతున్నాడు. కాగితాల కంటే ముందు పరీక్షలు అయిపోయాయి. డాక్టరమ్మ రిపోర్టు చూసి, సుగర్ ఎన్నేళ్ల నుంచి ఉందని అడిగింది. లేదండీ అన్నాడు. మూడు నెలల సుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 9.6, యూరిన్‌లో ప్రొటీన్ కూడా పోతోందంది. "మీరు డోనర్‌గా పనికిరారు. ముందు మీ కిడ్నీలు కాపాడుకోండి."

ఇంటికొచ్చి పాత ఫైలు తీశాను. మొదటిసారి ఆ రిపోర్టు పైనుంచి కిందిదాకా చదివాను. ఫాస్టింగ్ సుగర్ 171, పక్కన ఎక్కువని చెప్పే నక్షత్రం గుర్తు. పైన నా పేరు, నా వయసు. అది నాకు చెప్పినా పట్టదు, నాది కాదు కాబట్టి. అతనికి ఎవరూ చెప్పరు, పేరు అతనిది కాదు కాబట్టి. ఏడాదిన్నర పాటు అతని జబ్బు నా బీరువాలో ఉంది.

చెప్పడానికి వారం పట్టింది. డయాలిసిస్ మంచం మీద, కదలడానికి వీల్లేని స్థితిలో ఉండి చెప్పాను. అతనికి కొట్టాలనిపిస్తే వీలుగా ఉంటుందని. కాగితం తీసుకుని పైనుంచి కిందిదాకా చదివాడు.

"పేరు నీదే ఉన్నాది గదా బావా. మాత్రలు నువ్వే యేసుకో."

మెషీను దగ్గర నర్సు నవ్వింది. నేనూ నవ్వాను. ఆ తర్వాత అతను రెండు నెలలు రాలేదు. ఫోను ఎత్తలేదు. రెండు నెలలూ అతనిది తప్పని నాకు ఒక్కసారీ అనిపించలేదు.

ఇప్పుడు ఉద్యోగం మానేసి మా ఊళ్లో అమ్మ దగ్గర ఉంటున్నాను. వారానికి మూడు డయాలిసిస్‌లు. రోజుకు లీటరు లోపు నీళ్లు, కూరలో నీళ్లతో కలిపి. కొబ్బరి తోట మధ్య కూర్చుని కొబ్బరి నీళ్లు ముట్టని ఏకైక ప్రాణిని నేనే అనుకునేవాణ్ణి. మా వీధిలోనే ఇంకో నలుగురు ఉన్నారు. కిడ్నీ కోసం వెయిటింగ్ లిస్టులో నా పేరుంది. డయాలిసిస్ సెంటర్‌లో పక్క మంచం మీద మనిషి మారినప్పుడల్లా పాతాయన ఏమయ్యాడని ఎవరూ అడగరు.

శామ్యూల్ మళ్లీ వస్తున్నాడు, నెలకు రెండు ఆదివారాలు, బస్సులో. అతని కాలి బొటనవేలికి లేచిన పుండు సుగర్ వల్ల ఆర్నెల్లయినా మానలేదు. సైకిలు మానమన్నారు. పిల్లల్ని పరుగెత్తించి తను కుర్చీలో కూర్చుని విజిలు ఊదుతున్నాడట. నన్ను క్షమించాడో లేదో తెలీదు. అడిగితే చెప్పేస్తాడని భయం. రిపోర్టులంటే నా భయం పూర్తిగా పోలేదన్నమాట.

ఇలాంటివి రాసేవాళ్లు చివర ధైర్యం చెబుతారు. నా దగ్గర లేనిది మీకు ఇవ్వలేను. సలహా మాత్రం ఒకటుంది. పరీక్ష చేయించుకోండి. ఒంటరిగా వెళ్లలేకపోతే స్నేహితుణ్ణి తోడు తీసుకెళ్లండి. అతన్ని పక్క కుర్చీలో కూర్చోబెట్టి, సూది ముందున్న కుర్చీలో మీరే కూర్చోండి.