చెప్పుల దగ్గర విడిచిన మాట

కరెంటు పోతే, ఫ్యాను పూర్తిగా ఆగేలోపే లాప్‌టాప్ తెర ఒక్క పిసరు మసకబారుతుంది. ఇందాక పాపను నిద్రపుచ్చి కూర్చోగానే అదే జరిగింది. ఆ మసక చూసినప్పుడల్లా నాకు షాహిదక్క గొంతు వినిపిస్తుంది: "ఏం చూశావే?"

షాహిదక్కకు నరసరావుపేటలో కంప్యూటర్ సెంటర్ ఉంది. డిగ్రీ అయ్యాక నా మొదటి ఉద్యోగం అక్కడే. పాత మిషన్లు కూడా నడవాలని ఆమె అన్నిటిలోనూ విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్స్ వేసి పెట్టింది. లోపలికి దుమ్ము రాకూడదని చెప్పులు గుమ్మం బయటే విడవాలి. చేరిన కొత్తలో మాచర్ల నుంచి ఒకాయన పనిచేయని ప్రింటర్ మోసుకొచ్చాడు. నేను కుర్చీలోంచి లేవకుండానే, "లోపల ఏదో కాలిపోయిందనుకుంటా అక్కా" అన్నాను. ఆమె తలెత్తలేదు.

"చెప్పులు బయట విడిచావా?"

"విడిచానక్కా."

"ఆ 'అనుకుంటా' కూడా వాటి పక్కనే విడిచి రా. కళ్లతో చూసింది చెప్పు."

ప్రింటరాయన పగలబడి నవ్వాడు. "మేడం, నేను చానా అనుకుంటా వచ్చాను. నేనూ బయటికి పోవాల్నా?" తీరా చూస్తే లోపల చిరిగిన కాగితం ముక్క ఇరుక్కుని ఉంది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆమె మాట కరుకే. కానీ మేం ఎంత తడబడ్డా కీబోర్డు మా చేతుల్లోంచి లాక్కునేది కాదు. పక్కన కూర్చుని, మేం చూసింది మాచేతే చెప్పించేది.

పెళ్లయి పాప పుట్టాక ఆ ఉద్యోగం మానేశాను. మా ఆయన లారీ ఎక్కితే మళ్లీ ఎప్పుడొస్తాడో చెప్పలేం. పాపను వదలకుండా చేసుకోగలిగే పని కోసం వెతగ్గా వెతగ్గా ఈ వేసవిలో ఒకటి దొరికింది. ఇంటి నుంచే పిల్లలకు లెక్కలు చెప్పాలి. ముందు కొన్ని క్లాసులు చూసి, నచ్చితేనే తీసుకుంటారు. మధ్యాహ్నం కరెంటు పోయేది. ఫోన్ నుంచి నెట్ అందుకునేదాన్ని, లాప్‌టాప్‌లో ఛార్జింగ్ కూడా ఉండేది. అయినా ఛార్జర్ మీద నుంచి బ్యాటరీ మీదికి రాగానే అది నత్తలా తయారయ్యేది. "మిస్, మీరు ఫొటోలాగా ఆగిపోయారు!" అని పిల్లలు కేకలు. నన్ను పరీక్షించడానికి క్లాసు వింటున్న ఆ సంస్థ మేడమ్ మర్యాదగానే చెప్పింది: ఇంకొక్క క్లాసు చూస్తాం, అంతే.

బ్యాటరీ చచ్చిపోయిందని, కొత్త లాప్‌టాప్ కొనే తాహతు లేదని, ఈ పని పోతే మళ్లీ ఇలాంటిది దొరకదని, ఒకదాని వెనక ఒకటి భయాలు. పాపను చంకనేసుకుని సెంటర్‌కు వెళ్లాను. అక్క లాప్‌టాప్ తీసుకోలేదు, పాపను తీసుకుంది. "నాకు ఇది చాలు. నువ్వు దాని సంగతి చూడు."

"బ్యాటరీ పోయింద..." అని నోరు మూసుకున్నాను. అక్క గుమ్మం వైపు చూసింది.

ముందు బ్యాటరీ ఆరోగ్యం చూశాను. బాగానే ఉంది. తర్వాత ప్రాసెసర్ వేగం కనిపించేలా పెట్టి, ఛార్జర్ పీకాను. అప్పటిదాకా రెండు వేలు దాటి ఆడుతున్న అంకె నాలుగు వందలకు పడి అక్కడే కూర్చుంది. తగిలిస్తే లేచింది, పీకితే పడింది.

"ఇప్పుడు చెప్పు. ఏం చూశావు?"

"బ్యాటరీ బాగానే ఉందక్కా. దాని మీదికి రాగానే ప్రాసెసర్‌ను ఎవరో నొక్కి పట్టుకుంటున్నారు."

"ఎవరో ఏందే? పేరు కనుక్కో."

వెతికితే ఒకరు కాదు, ఇద్దరు. నా లాప్‌టాప్‌లోనూ అక్క వేసిన లైనక్సే. ఛార్జింగ్ ఆదా చేసే ప్రోగ్రామ్ ఒకటి దానితోనే వచ్చింది. ఇంకోటి, పాప కడుపులో ఉన్నప్పుడు ఏదో వీడియో చూసి నేనే వేసుకున్నది. బ్యాటరీ మీదికి రాగానే రెండూ కలిసి ప్రాసెసర్‌ను అణుస్తున్నాయి. అక్క పాపను ఊపుతూ పడీ పడీ నవ్వింది. "మీ అమ్మ ఒక స్వెటరూ మీ అత్త ఒక స్వెటరూ తొడిగితే ఈ పిల్ల చెయ్యెత్తగలదా? అదీ మన పేట ఎండల్లో!"

రెండూ ఒకేసారి తీసేయబోయాను. "ఆగవే. ఏది తీస్తే బాగైందో ఎట్టా తెలుస్తది? ఒకటి తియ్యి, చూడు. తర్వాతే రెండోది." నేను వేసుకున్నది తీసి, మళ్లీ స్టార్ట్ చేశాను. అంకె కొంచెం కదిలింది. లైనక్స్‌తో వచ్చినదాన్ని పొదుపు నుంచి మధ్యస్థానికి మార్చాను. ఛార్జర్ లేకుండానే అంకె పైకి లేచింది. బ్యాటరీ మునుపటికంటే త్వరగా దిగుతుందని కూడా చూశాం. అయినా ఒక క్లాసుకు సరిపోతుంది.

చివరి క్లాసులో భిన్నాలు చెబుతుండగా కరెంటు పోయింది. తెర మీద గీసిన రొట్టెను నాలుగు ముక్కలు చేయాలి. గీత గీశాను. గీత నా చేతితో పాటే కదిలింది. "మిస్, నాకు పెద్ద ముక్క!" అని ఒకడు అరిచాడు. అన్నీ సమానమేరా అంటూ ఇంకో గీత గీశాను. క్లాసయ్యాక మేడమ్, "సోమవారం నుంచి రండి" అంది.

అక్కకు ఫోన్ చేస్తే, "మంచిది. క్లాసప్పుడు పిల్లను ఎవరు చూస్తారు? నా దగ్గర దించు" అంది. అంతే, పెట్టేసింది.

నేను పిరికిదాన్నే, ఇప్పటికీ. పాప రెండుసార్లు తుమ్మినా నా గుండె ముందు పరిగెత్తుతుంది. చేతులు మాత్రం ఇప్పుడు దాని వెంట పరిగెత్తవు. లైటు వేసి, పాప పక్కన కూర్చుని, ముందు చూస్తాను.