నలభై మూడో పేజీ అడుగున

ఏ పేజీ అని అడిగాడు మా గైడు. అడిగారు అని రాయాలి, తెలుసు. ఇన్నేళ్లయినా నాకు చెయ్యి రావడం లేదు. నా వ్యాసం నలభై మూడో పేజీ అడుగున, ఫుట్‌నోటులో, మా అత్త పేరు రాశాను. వయసు రాశాను, ఊరు పలాస అని రాశాను, ఇంటి దగ్గర స్వయంగా చెప్పిన మాట అని రాశాను. ఆయన ఎర్ర పెన్ను మూత తీసి దాని మీద అడ్డంగా ఒక గీత కొట్టి, ఇది ఏ పుస్తకం, ఏ పేజీ అన్నాడు. మా అత్తకి పేజీ నంబరేమిటి! ఆవిడ మనిషి.

రెండు వేల సంవత్సరం దాటి ఒకటో రెండో ఏళ్లయిన రోజులు. నేను చరిత్రలో ఎం.ఫిల్. చేస్తున్నాను. పలాస జీడిపప్పు కార్ఖానాల్లో ఆడవాళ్ల పని గురించి నా వ్యాసం. లైబ్రరీ అంతా గాలించినా ఆ విషయం మీద అరపేజీ దొరికింది, అంతే. దాంతో పుస్తకాలు కట్టిపెట్టి పలాసలో మా మేనమామ ఇంటికి వెళ్లి కూర్చున్నాను. ఆయన భార్య, అంటే మా అత్త, ముప్ఫై ఏళ్లుగా కార్ఖానాలో పనిచేస్తోంది. ఉద్దానం జీడితోటల నుంచి వచ్చిన పిక్కలు కాల్చడం, కొట్టడం, పప్పు మీద పొట్టు తీయడం, ఆవిడ చెయ్యని పని లేదు.

మా వైపు కోడళ్లను పుట్టింటి ఊరి పేరుతో పిలుస్తారు. ఆవిడ మాకందరికీ జలంత్రకోట అత్త. ఇరుగుపొరుగుకి జలంత్రకోటమ్మ. మామయ్యకైతే ఒట్టి ‘ఏమే’. ఫుట్‌నోటు రాయడానికి కూర్చున్నాక గాని ఆవిడ అసలు పేరు నాకు తెలియదని నాకు తెలియలేదు. చిన్నప్పటి నుంచి ఆవిడ చేతి ముద్దలు తిన్నదాన్ని. సిగ్గుతో చచ్చిపోయాను.

అడిగితే నవ్వింది. ఇప్పుడు నా పేరుతో పనేటే గుంటా, నాకే మరుపొచ్చీసింది అంది. పుస్తకంలో వేస్తానని చెప్పాక నవ్వడం మానేసింది. పుస్తకంలో ఎక్కడ వేస్తావో చూపించమంది. లైబ్రరీ పుస్తకమొకటి తెరిచి, పేజీ కింద సన్న అక్షరాల్లో ఉన్న పేర్లు చూపించాను. ఎవరి మాట వాళ్లదని చెప్పడానికి ఇలా వేస్తారు అత్తా, ఇది మర్యాద అన్నాను. నా నోటితో నేనే అన్నాను ఆ మాట.

ఆవిడ నా నోట్‌బుక్కు తీసుకుని నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. జీడి రసానికి నల్లబడ్డ వేళ్లతో పెన్ను గట్టిగా పట్టుకుని, ఐదు నిమిషాల సేపు తన పేరు రాసింది. నాలుగక్షరాలు. పెద్దవాళ్లకు చదువు చెప్పే బడికి వెళ్లి అవే నేర్చుకుంది, ఇంకేం నేర్చుకోలేదు. కార్ఖానా రిజిస్టరులో వేలిముద్ర వేసేటప్పుడు గుమస్తా ఆవిడ బొటనవేలు పట్టుకుని, అవసరమైన దానికంటే ఎక్కువసేపు నొక్కేవాడట. సంతకం వస్తే వాడికి వేలు ఇవ్వక్కర్లేదు. అందుకు నేర్చుకుంది. తన పేరు తప్ప మిగతా అక్షరాలతో ఆవిడకి పని పడలేదు.

ఆ రోజే చెప్పింది, పాటల సంగతి. నేను వెర్రిదానిలా, పప్పు ఒలుస్తూ ఏ పాటలు పాడుకునేవాళ్లు అని అడిగాను. ఆవిడ పెన్ను మూత పెట్టి నాకు ఇచ్చేసింది.

“సరదాకి పాడినామనుకున్నావేటి? నోట్లో పప్పు ఏసుకుంతామని మేస్త్రీ పాడమనీవోడు. ఎవులి పాట ఆగితే ఆళ్ల నోరు తెరిపించి సూసీవోడు. ఓపాలి నాకు దగ్గొచ్చి ఆగినాను. అందరి ముందరా నోరు తెరవమన్నాడు. వేలెట్టి మరీ సూసినాడే.”

ఈ మాట మామయ్యకి కూడా చెప్పలేదంది. ఇంకేది రాసినా రాయకపోయినా ఇదొక్కటీ రాయమంది. పేరు పెట్టి రాయమంది.

దాని మీద కొట్టాడు మా గైడు ఆ ఎర్ర గీత. చదువు లేని మనిషి నోటిమాట ప్రమాణం కాదట, అచ్చులో ఉన్నదే ఆధారమట. బీరువా తెరిచి తనకు బాగా కావలసిన పండితుడి పుస్తకం తీసి ఇచ్చాడు. నాకు లైబ్రరీలో దొరికిన అరపేజీ అందులోదే. పలాస ఆడవాళ్లు అలసట తెలియకుండా ఆనందంగా పాడుకుంటూ పప్పు ఒలుస్తారని అందులో ఉంది. ఆ పెద్దమనిషి పలాస స్టేషన్లో రైలు దిగాడంటే నేను నమ్మను. హౌరా రైలు కిటికీలోంచి చూసి ఉంటాడు. అది అబద్ధమండీ అన్నాను. అచ్చయిందమ్మా అన్నాడు. అంతగా కావాలంటే మీ అత్తగారిని కృతజ్ఞతల్లో వేసుకో అని నవ్వాడు. ఆ కృతజ్ఞతల పేజీలో మూడు వంతులు ఆయనకే పోయాయి. మిగిలిన దాంట్లో ప్రిన్సిపాలూ లైబ్రేరియనూ సర్దుకున్నారు. చివర్న ఊళ్లోని పెద్దలకు అని ఒక ముక్క పడింది.

ఆయన మీద నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. కానీ నా చెయ్యి పట్టుకుని ఎవరూ రాయించలేదు. గడువు దగ్గరపడింది, ఆయన సంతకం లేకపోతే డిగ్రీ లేదు, డిగ్రీ లేకపోతే ఉద్యోగం లేదు. భయపడ్డాను. దానికి ఇంతకంటే మర్యాదైన మాట నా దగ్గర లేదు. పలాస పక్కనే కాశీబుగ్గలో డీటీపీ చేసే అమ్మాయి మా అత్త పేరున్న లైనుని తెర మీద నల్లగా చేసి, తీసీమంటారేటండీ అని అడిగింది. తీసెయ్ అన్నాను. అక్కడ ఆ పండితుడి పేరు, పుస్తకం, పేజీ నంబరు టైపు చేయించాను. పేజీలో పైన ఉన్న ఆవిడ మాటా తీసేసి, ఆనందంగా పాడుకుంటారన్న మాట పెట్టాను. గ్రంథసూచిలో కూడా ఆయన పేరు అకారాది క్రమంలో పద్ధతిగా కూర్చుంది. కామా కూడా తప్పు పోలేదు. గైడు మెచ్చుకున్నాడు.

ఆ వ్యాసం ఇంకా లైబ్రరీలో ఉంది. తర్వాత ఇద్దరు విద్యార్థులు ఆ వాక్యాన్ని నా పేరు మీద, పేజీ నంబరుతో సహా ఎత్తి రాసుకున్నారు. ఇప్పుడు ఆ అబద్ధానికి నేనే ఆధారం.

అట్ట మీద బంగారు అక్షరాలతో బైండు అయ్యి వచ్చాక ఒక కాపీ పట్టుకుని పలాస వెళ్లాను. వెళ్లకుండా ఉండొచ్చు. చదువు రాదు కదా, ఏదో ఒక లైను మీద వేలు పెట్టి ఇదే అంటే సంతోషిస్తుందనుకున్నాను. అంత నీచపు ఆలోచన నా బుర్రలోనే పుట్టింది, ఏ గైడూ చెప్పలేదు.

అత్త పొయ్యిలో బూడిద తీసుకుని చేతులు తోముకుంది. చీర చెంగుతో తుడుచుకుని పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకుంది. ఏదీ, సూపించు అంది. నలభై మూడో పేజీ తీసి అడుగున చూపించాను. ఆవిడ వంగి చూసింది. మొదటి అక్షరం మీద వేలు పెట్టింది. తర్వాతి దాని మీద పెట్టింది. మళ్లీ వెనక్కి వచ్చింది. ప్రపంచం మొత్తంలో ఆవిడ చదవగలిగినవి నాలుగే అక్షరాలు, అవి నా నోట్‌బుక్కులో నా కళ్ల ముందు కూర్చుని రాసింది. అది నేను మర్చిపోయాను.

“ఇది నాను కాదు” అంది.

పైన ఏం రాశావో చదవమంది. చదవనన్నాను. చదవమంది. అలసట తెలియకుండా ఆనందంగా పాడుకుంటూ అని చదివాను. మధ్యలో ఆగిపోయాను.

తిట్టి ఉంటే బాగుండేది. నా మొహంలోకి చూస్తూ, చిన్నప్పుడు జ్వరమొస్తే అడిగినట్టు అడిగింది.

“నిన్ను కూడా ఎవులో పాడమన్నారేటే గుంటా?”

అవునని తలూపాను. అత్త పుస్తకం మూసి నా చేతిలో పెట్టి, అన్నం వడ్డించడానికి లేచింది.