తొక్కకు బావా

మా బావ ముప్పయ్యేళ్ళుగా అద్దెకారు నడుపుతున్నాడు. టాక్సీ స్టాండులో అందరూ ఆయన్ని తొక్కుడు గురువు అంటారు. తాళం తిప్పే ముందు రెండుసార్లు, తిప్పాక నాలుగుసార్లు యాక్సిలరేటర్ తొక్కందే ఆయనకి బండి స్టార్టయినట్టుండదు. పాత కార్లు అలా అడిగేవి. కార్లు మారాయి గానీ ఆయన కాలు మారలేదు. చెబితే వింటాడా? "నువ్వు నిక్కర్లేసుకున్న రోజుల నుంచీ తొక్కుతున్నాన్రా" అంటాడు. ఆ మొండి కాలుతో ఆ బుధవారం నేను పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు.

మా అక్కకి కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు ఆసుపత్రిలో డయాలసిస్ చేయించాలి. సోమవారం బావ కారు దారిలో ఎగిరెగిరిపడి ఆగిపోయింది. ఆ విడత తప్పింది. బుధవారానికి అక్క కాళ్ళు చెప్పుల్లో పట్టనంతగా వాచాయి. పడుకుంటే ఊపిరాడటం లేదు. ఊళ్ళో రవాణా సమ్మె. బస్సుల్లేవు, టాక్సీల్లేవు. స్టాండు స్నేహితులంతా ఊరేగింపులో ఉన్నారు, ఫోన్లు ఎత్తడం లేదు. అంబులెన్సు వాళ్ళు వస్తామంటారు, రారు. మూడింటిలోపు రాకపోతే బెడ్డు ఇంకొకరికి ఇచ్చేస్తామనీ, ఈసారి కూడా తప్పితే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుందనీ ఆసుపత్రి నర్సు చెప్పింది. ఇక మాకు మిగిలింది బావ కారే.

నేను మెకానిక్‌ని. కొత్త థ్రాటిల్ సెన్సర్ పట్టుకుని వాళ్ళింటికి నడుచుకుంటూ వచ్చాను. ఇంజన్లోకి గాలి వెళ్ళే దారిలో చిన్న తలుపు ఉంటుంది. అది ఎంత తెరుచుకుందో కారు కంప్యూటర్‌కి చెప్పేది ఈ సెన్సరే. పాతది అబద్ధాలు చెప్పడం మొదలెట్టింది. రెండు స్క్రూలు విప్పి కొత్తది పెట్టడం చిటికెలో పని, తిప్పలన్నీ తర్వాతే. తలుపు మూసి ఉన్నప్పుడు మీటరు అర వోల్టు చూపేలా సెన్సర్‌ని వెంట్రుకవాసి అటూ ఇటూ తిప్పుతుండాలి. కంప్యూటర్ కొత్త సెన్సర్‌కి అలవాటు పడేలా ఇంజన్‌ని దాని మానాన వదిలేసి, రేడియేటర్ ఫ్యాను రెండుసార్లు తిరిగి ఆగేదాకా నడవనివ్వాలి. లోపల ఒకరు కూర్చుని, నేను చెప్పినప్పుడు లైట్లు, ఏసీ వేసి తీయాలి. మధ్యలో యాక్సిలరేటర్ మీద కాలు పడిందా, మళ్ళీ మొదటికి.

బావ కూర్చున్నాడు. ఇంజన్ వణికింది. బావ తొక్కాడు.

"బావా! తొక్కొద్దన్నానా?"

"ఆగిపోతోందిరా!"

"ఆగదు! దాన్నే తేరుకోనివ్వు!"

కంప్యూటర్‌లో పాత లెక్కలు చెరిగిపోయేలా బ్యాటరీ వైరు పీకి, పెట్టి, మళ్ళీ మొదలెట్టాం. మళ్ళీ తొక్కాడు. చెప్పు విప్పి కూర్చోమంటే ఉత్తకాలితో తొక్కాడు. కాలు మడిచి సీటు మీద పెట్టుకోమన్నాను. పెట్టుకున్నాడు. ఫ్యాను ఒకసారి తిరిగి ఆగింది, గట్టెక్కాం అనుకునేలోపు ఇంజన్ దగ్గింది. ఆ కాలు ఎప్పుడు కిందికి దిగిందో ఆయనకే తెలియదు. పోనీ సెన్సర్ నువ్వు పట్టుకో, నేను కూర్చుంటానన్నాను. ఆయన చేతుల వణుకుకి మీటర్లో అంకె ఒక్కచోట నిలవలేదు. నాకు ఒళ్ళు మండి నోటికొచ్చినట్టు తిట్టాను. ఎప్పుడూ ఒక మాటకి నాలుగు మాటలనే మనిషి, కారు అంచు మీద తల ఆనించి, "మీ అక్కని నేనే చంపేస్తున్నాన్రా" అన్నాడు. ఆయన గొంతు అలా పలకడం నేనెప్పుడూ వినలేదు.

"నేను కూర్చుంటాను," అంది అక్క, వరండాలో కుర్చీలోంచి.

"నీకు డ్రైవింగ్ రాదు కదే!" అన్నాడు బావ.

"రాదు కాబట్టే తొక్కను."

ఇద్దరం చెరో రెక్కా పట్టుకుని ఆమెని సీట్లో కూర్చోబెట్టాం. వాచిన కాళ్ళని పెడల్స్‌కి దూరంగా సర్దాను. అక్క తాళం తిప్పింది. ఇంజన్ దగ్గింది, పడిపోయినట్టే పడిపోయి లేచింది. బావ బయట నిలబడి నేలని తొక్కుతున్నాడు. అక్క మాత్రం కదల్లేదు. లైట్లంటే లైట్లు వేసింది, ఏసీ అంటే ఏసీ వేసింది. ఫ్యాను ఒకసారి తిరిగి ఆగింది.

అప్పుడు చూశాను, ఆమె పెదాలు నీలంగా మారుతున్నాయి. నోరు తెరిచి గాలి అందుకుంటోంది.

"ఆపేద్దాం అక్కా!" అన్నాను. ఆపితే మాత్రం ఏం చేస్తాం? నాకేమీ తోచలేదు. అక్క చెయ్యెత్తి, నీ పని నువ్వు చూడు అన్నట్టు ఊపింది. కన్నీళ్ళకి మీటరు మసకబారితే గ్రీజు చేతులతోనే తుడుచుకుని చూశాను.

ఫ్యాను రెండోసారి తిరిగి ఆగింది. ఇంజన్ నిలకడగా నడుస్తోంది.

ఆసుపత్రి దాకా కారు ఒక్కచోట కూడా ఆగలేదు. వెనక సీట్లో అక్క తల నా భుజం మీద ఉంది. మలుపు మలుపుకీ ఆమె ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను.

మేం వెళ్ళేసరికి బెడ్డు ఇంకొకరికి ఇచ్చేశారు. బావ నర్సు కాళ్ళ మీద పడబోయాడు. ఆవిడ అక్క పెదాలు చూసి, ఇంకేమీ అడక్కుండా ఆక్సిజన్ పెట్టి, అత్యవసర విభాగంలో ఉన్న మెషీను దగ్గరికి స్ట్రెచర్ తోయించింది.

"ఇలాంటి మనిషిని ఇంతసేపు ఇంట్లో పెట్టుకుని ఏం చేస్తున్నారయ్యా?" అని బావ మీద కేకలేసింది.

అక్క మాస్కు కొంచెం పక్కకి జరిపింది.

"ఆయన్ని ఏమీ అనకమ్మా. నాకు కారు నేర్పిస్తున్నారు. నేనే ఆలస్యం చేశాను."

నర్సు మాస్కు సర్ది ఆమెని లోపలికి తీసుకెళ్ళింది. బావ గుమ్మంలోనే చతికిలబడి, అందరూ చూస్తుండగా వెక్కివెక్కి ఏడ్చాడు.