మూడు వందల ఎముకల లెక్క

రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్లు ఉన్నాయనగా, ఒక జూన్ నెలలో నన్ను నిజామాబాద్ నుంచి బోధన్‌కు బదిలీ చేశారు. హోదా జువాలజీ జూనియర్ లెక్చరర్. ఆ 'జూనియర్' అన్నది ఇంటర్ కాలేజీకి సంబంధించిన మాట, నా తల అప్పటికే పూర్తిగా నెరిసింది.

ఆ వానాకాలంలోనే డాక్టర్ సరిత నన్ను వెతుక్కుంటూ కాలేజీకి వచ్చింది. వాళ్లది నందిపేట్ దగ్గర పసుపు పండించే కుటుంబం. ఆయుర్వేదంలో పట్టా పుచ్చుకుని, బోధన్ పక్క పల్లెలోని సర్కారు దవాఖానాలో కాంట్రాక్టు మీద పనిచేస్తోంది. కాంట్రాక్టు అంటే ప్రతి ఏడూ కొనసాగింపు ఉత్తర్వు కోసం ఎదురుచూడటం. పర్మినెంటు మెడికల్ ఆఫీసర్ పోస్టులకు పోటీ పరీక్ష పడింది. వయోపరిమితి ప్రకారం ఆమెకు అదే ఆఖరి అవకాశం. ఆ పరీక్షలో ప్రాచీన గ్రంథాల మీదా, ఆధునిక శరీరశాస్త్రం మీదా ప్రశ్నలు కలిపి ఇస్తారు.

"శ్లోకాలు నోటికొస్తయి సార్. మీ బయాలజీనే తుప్పు పట్టింది. ఆదివారాలు జర చెప్పున్రి" అంది.

ఒప్పుకున్నాను. ఆయుర్వేదం మీద నాకు గౌరవమూ లేదు, ద్వేషమూ లేదు. జలుబు చేస్తే మిరియాల కషాయం తాగేవాణ్ణి, అంతవరకే.

మూడో ఆదివారం కాలేజీ ల్యాబ్‌లో, పాత ప్రశ్నపత్రాల నుంచి యాభై బిట్లు ఏరి నమూనా పరీక్ష పెట్టాను. జవాబుల కీ కూడా నేనే, ఏ పుస్తకమూ తెరవకుండా తయారుచేశాను. అందులో ఒక బిట్టు, సుశ్రుతుడి ప్రకారం మనిషి శరీరంలో ఎముకలెన్ని అని. ఆమె మూడు వందలు అని గుర్తు పెట్టింది. నేను ఎర్ర ఇంకుతో కొట్టేసి 206 అని రాశాను. అంతటితో ఊరుకున్నా బాగుండేది. "మిగతా తొంభై నాలుగూ ఎక్కడ దాచావు డాక్టరమ్మా?" అని నవ్వాను.

ఆమె నవ్వలేదు. నెమ్మదిగా చెప్పింది. "పోయినసారి పరీక్షల గిదే బిట్టు వచ్చింది సార్. మూడు వందలకే పెట్టబోయిన. కోచింగుల ఒకసారి గా జవాబు చెప్తే అందరు నవ్విండ్రు. గది యాదికొచ్చి రెండు వందల ఆరుకు పెట్టిన. ఒక్క మార్కుతోని పోస్టు పోయింది."

నాకు సిగ్గేసింది. అయితే మొండితనం ఎక్కడికి పోతుంది? లెక్క చూపించమన్నాను.

ల్యాబ్ అటెండర్ రజాక్, దాదాపు నా వయసువాడే, అస్థిపంజరాన్ని స్టాండుతో సహా వెలుగులోకి జరిపాడు. కాలితో మొదలుపెట్టాం. మా లెక్కలో తొడలో ఒకటి, మోకాలి చిప్ప ఒకటి, పిక్కలో రెండు, మడమ చీలమండలో ఏడు, పాదంలో ఐదు, వేళ్లలో పద్నాలుగు. మొత్తం ముప్పై. ఆమె లెక్కలో వేళ్లకు పదిహేను, పాదం నుంచి చీలమండ దాకా పది, మడమ ఒకటి, కింది కాలు రెండు, మోకాలు ఒకటి, తొడ ఒకటి. అదీ ముప్పై. మేము బొటనవేలికి రెండే ఎముకలంటాం, సుశ్రుతుడు మూడన్నాడు. ఆ ఎక్కువైనది పాదం దగ్గర తగ్గి సరిపోయింది. చేతులకూ అంతే. నాలుగింటికీ కలిపి నూట ఇరవై, ఇటూ అటూ ఒక్కటీ తేడా లేదు.

రజాక్ అన్నాడు: "ఇన్నేండ్ల సంది దీన్ని తుడుస్తనే ఉన్న సార్. ఒక్కపారి గూడ లెక్కవెట్టలే." నేనూ పెట్టలేదు. పుస్తకంలో ఉన్న అంకెను ఏటేటా బోర్డు మీద రాశాను.

మిగతాచోట్ల తేడాలు కనిపించాయి. సుశ్రుతుడు ముప్పై రెండు పళ్లనూ ఎముకల్లోనే కలిపాడు. పక్కటెముకలు మాకు ఇరవై నాలుగైతే ఆయనకు డెబ్బై రెండు. పక్కటెముకను, అది వెనక కుదురుకునే చోటును, అక్కడి బుడిపెను వేరువేరుగా లెక్కించారని తమ కాలేజీలో చెప్పారంది సరిత. వెన్ను దగ్గర మాత్రం ఎంత తిప్పలు పడ్డా కుదరలేదు. కుదరలేదనే ఇద్దరం ఒప్పుకున్నాం.

అప్పటినుంచి పాఠం తీరు మారింది. ప్రతి విషయానికీ నోట్సులో రెండు వరసలు, పైన ఎవరి లెక్కో రాసి, కింద అంకె. జీర్ణక్రియ రోజున ఆమె జఠరాగ్ని గురించి చెబుతుంటే నేను ఎన్‌జైముల మాట మరిచి ప్రశ్నలు అడుగుతూ కూర్చున్నాను. ఎవరు ఎవరికి పాఠం చెబుతున్నారని రజాక్ అడిగాడు.

పరీక్షలో పక్కటెముకల మీద రెండు బిట్లు వచ్చాయట, సుశ్రుతుడి ప్రకారం ఒకటి, ఆధునిక శాస్త్రం ప్రకారం ఒకటి. "ఎవల లెక్క అడుగుతున్నరో సూసి, రెండు బిట్లకు రెండు లెక్కలు పెట్టిన సార్" అని ఫోన్ చేసింది. ఎంపిక జాబితాలో పేరు వచ్చింది. ముప్కాల్ వైపు దవాఖానాలో చేరింది.

జవాబు తప్పని కొట్టేసే ముందు 'నువ్వు వేటిని లెక్కపెట్టావు?' అని అడగాలి. నేను నేర్చుకున్నది ఇంతే. సరిత వైద్యురాలు, ఒకసారి నష్టపోయిన మనిషి, కాబట్టి నాకు ఎదురు చెప్పగలిగింది. ముప్పై ఏళ్లపాటు నా ముందు బెంచీల మీద కూర్చున్నది పదహారేళ్ల పిల్లలు. నేను కొట్టేస్తే వాళ్లు తలవంచుకుని పేపరు మడిచి పెట్టుకున్నారు. వాళ్లలో ఎందరిది తప్పు కాదో ఇప్పుడు తెలుసుకునే దారి లేదు.