సాంచె తెలివి కంపైలర్‌కు నేర్పిన రోజు

ఒకే ఒక్క పదం టైపు చేసి, మూడు నెలలు మూతబడి అప్పుడే తెరిచిన కార్ఖానాను మళ్లీ కూర్చోబెట్టిన ఘనత మీ ఇంట్లో ఎవరికైనా ఉందా? మా ఇంట్లో ఉంది. ఆ మహానుభావురాలిని నేనే. ఆ రోజు బాపు నన్ను ఇంట్లోంచి వెళ్లగొట్టకపోవడానికి ఒకటే కారణం, బయట కరోనా ఉంది.

తొలి లాక్‌డౌన్‌లో సూరత్‌లో బట్ట నేసే సాంచెలన్నీ, అంటే మరమగ్గాలన్నీ ఆగిపోయాయి. ఆ ఊళ్లోనే డిండోలి పేటలో మా ఒక్క గదిలో ఈ గోడకు ఆనుకుని బాపు, ఆ గోడకు ఆనుకుని ల్యాప్‌టాప్‌తో నేను. కాలేజీ లేదు, చేతులు ఊరుకోవు. బట్టల డిజైన్లు గీసే ఒక ఉచిత ప్రోగ్రాముకు పనిచేయడం మొదలుపెట్టాను. దాని కోడు అందరికీ తెరిచే ఉంటుంది, ఎవరైనా బాగుచేయొచ్చు. బాపు పనిచేసే కార్ఖానాలో డిజైను కంప్యూటరుకు కూడా ఆ ప్రోగ్రామే దిక్కు. అక్కడ దాన్ని అంతకుముందే పెట్టింది నేనే. తెరవగానే కోడుతో సహా అన్నీ ఇంటర్నెట్ నుంచి తాజాగా దించుకుని, తనంతట తానే ప్రోగ్రామును తయారుచేసుకునేలా అమర్చి, కార్ఖానా యజమాని శేఠ్ చేత శభాష్ అనిపించుకున్నాను.

మనం రాసిన కోడును యంత్రానికి పనికొచ్చేలా మార్చేది కంపైలర్. ఏదైనా అనుమానంగా కనిపిస్తే ఒక హెచ్చరిక గొణిగి, తన పని తాను చేసుకుపోతుంది. మా ప్రాజెక్టులో ఆ గొణుగుడు పేజీలకు పేజీలు ఉండేది, చదివే నాథుడు లేడు. పది రోజులు కూర్చుని అన్నీ సరిచేశాను. ప్రాజెక్టు చూసుకునే మేడమ్ మురిసిపోయి, కోడును నేరుగా మార్చే అధికారం నాకు ఇచ్చేసింది. ఇక నేను ఆగుతానా?

"బాపూ, పడుగుల ఒక్క పోగు తెగితే సాంచె ఏం చేస్తది?" అని అడిగాను.

"ఆగుతది. ఆగకుంటే బట్ట ఖరాబైతది. ఎందుకు బిడ్డా?"

"అదే తెలివి కంపైలర్‌కు నేర్పుతున్న."

"నేర్పు మల్ల, మంచిదే గదా," అన్నాడు పాపం.

ప్రోగ్రామును తయారుచేసే ఫైలులో ఒక్క పదం చేర్చాను. హెచ్చరిక వస్తే దాన్ని తప్పుగానే లెక్కగట్టి అక్కడికక్కడే ఆగిపొమ్మని దాని అర్థం. నా ల్యాప్‌టాప్‌లో ఒక్క హెచ్చరికా రాలేదు. సంతోషం పట్టలేక నాలుగుసార్లు నడిపి చూసుకున్నాను. ఇంటి గడప దాటకుండానే రచ్చ గెలిచేశాననుకున్నాను.

మర్నాడే కార్ఖానా తెరిచారు. బాపు పెళ్లికి వెళ్తున్నట్టు తల దువ్వుకుని, మాస్కు రెండుసార్లు సర్దుకుని బయల్దేరాడు. మధ్యాహ్నం మూడింటికి వ్యాపారి వచ్చి చీర అంచు నమూనా చూస్తాడు. నచ్చితే సాంచెలు తిరుగుతాయి. లేదంటే ఆర్డరు ఉధ్నాలోని ఇంకో కార్ఖానాకు, బాపు మళ్లీ గోడకు.

పదకొండింటికి ఫోను. "బిడ్డా, జర ఉరికి రా. డిజైను కంప్యూటర్ తెరుచుకుంటలేదు. శేఠ్ మొకం చూస్తే భయమైతుంది."

ఉరికాను. తెర మీద ఒకే ఒక్క హెచ్చరిక, దాని కింద ఆగిపోయిన ప్రోగ్రాము. హెచ్చరిక వచ్చినందుకే ఆగిందని శేఠ్‌కు హిందీలో చెప్పాను.

"వార్నింగ్ సే కౌన్ రుక్తా హై, బేటీ? యహా తో సిగ్నల్ పే భీ కోయీ నహీ రుక్తా."

నిజమే. ఎర్రలైటు పడినా ఎవరూ ఆగని ఊళ్లో, హెచ్చరికకు ఆగిన మొదటి ప్రాణి ఆ కంప్యూటరే. అన్నీ తాజాగా దించుకొమ్మన్నాను కదా, అది కంపైలర్‌ను కూడా కొత్తది తెచ్చుకుంది. నా పాత కంపైలర్‌కు కనబడనిది దానికి కనబడింది. తానొకటి తలిస్తే కంపైలరొకటి తలచింది. ఈలోగా నా ఫోనులో మేడమ్ సందేశం: "చాలామంది దగ్గర ఆగిపోయింది. ఎక్కడున్నావు?"

బాపు నా భుజం మీదుగా తొంగి చూశాడు. "ఏం పోగు తెగింది?"

"తెగలేదు బాపూ. కోడుల ఒక పేరు పెట్టి పక్కకు ఉంచిన్రు, ఏడా వాడలేదు. అంతే."

"దానితోని డిజైను ఖరాబైతదా?"

"కాదు."

బాపు తల పట్టుకున్నాడు. "పోగు తెగితే సాంచె ఆగాలె. పోగుకు ముడి ఉంటే ఆగుతదా? బట్ట దిగినంక బల్ల మీద పరిచి, మనం చూసుకొని తీస్తం. ముడి ముడికి సాంచె ఆపితే చీర ఎన్నడు కడ్తరు?"

మూడు నెలలు ఎదురుగా కూర్చున్న మనిషిని నేను సగం ప్రశ్నే అడిగాను. ఆ పదాన్ని అందరూ దించుకునే ఫైలులోంచి తీసేసి, కోడు రాసేవాళ్ల తనిఖీలో మాత్రం ఉంచాను. కొత్త కోడు చేర్చేముందు మేము ఆగి చూసుకోవాలి గాని, వాడుకునేవాళ్లు ఎందుకు ఆగాలి?

రెండున్నరకు డిజైను తెరుచుకుంది. సాంచె కదిలింది. ఆ చప్పుడు చెవిన పడగానే నాకు ఏడుపొచ్చినంత సంతోషం. వ్యాపారి అంచును వేలితో తడిమి తలూపాడు. బాపు మాస్కు వెనక నవ్వుతున్నాడని కళ్లు చూసి పోల్చుకున్నాను.

ఇంటికి వస్తూ అడిగాడు. "ఇంతకు గా వాడని పేరు పెట్టినోడు ఎవడు? జర చూడు, వాన్ని నాలుగు మాటలంట."

ప్రతి వరుసా ఎవరు రాశారో కోడు దగ్గర రాసి ఉంటుంది. ఫోనులో చూశాను. హెచ్చరికలన్నీ సరిచేసిన పది రోజుల్లో, ఆఖరి రోజున, సాక్షాత్తూ నేనే.

"ఎవడు?"

"ఎవరో కొత్త పిల్ల బాపూ. తెల్వక చేసింది."

"ముందు తన ముడులు తీసుకొమ్మను, తర్వాత మందికి నేర్పొచ్చు."

అందుకే సాంచె మీద ఒట్టేసి చెబుతున్నాను. ఇకమీదట సగం ప్రశ్న అడగను, నా ముడికి ఇంకొకరి సాంచె ఆపను. బాపు ఇప్పటికీ అప్పుడప్పుడు అడుగుతాడు, గా పిల్ల బాగుపడ్డదా అని. మెల్లగా బాగుపడుతోందని చెబుతున్నాను.